గడిలో పైథాన్: బాతెల్‌లో తెలుగు ఎందరి ఇంటిభాష?

బాతెల్‌లో తెలుగు మాట్లాడేవారు ఎందరు? వినడానికి చిన్న ప్రశ్న. సియాటిల్‌కు ఈశాన్యంగా, రెడ్మండ్‌కు వాయవ్యంగా ఉన్న ఈ నగర జనాభా 2020 జనగణన ప్రకారం 48,161. సాయంత్రం పార్కులోనో, పచారీ కొట్టులోనో తెలుగు వినబడటం ఇక్కడ వింతేమీ కాదు. కాని చెవిన పడటం వేరు, లెక్కకు రావడం వేరు. తెలుగు తరగతులకు బడిలో గదులు ఇమ్మన్నా, గ్రంథాలయంలో తెలుగు పుస్తకాలకు ఒక అల్మారా కేటాయించమన్నా, ఆస్పత్రిలో పెద్దవాళ్ళ కోసం దుబాసీ కావాలన్నా, అవతలివారు ముందుగా అడిగేది ఒక సంఖ్యను. ఆ సంఖ్యను ఎక్కడినుంచి తేవాలి, తెచ్చినదాన్ని ఎంతవరకు నమ్మాలి అన్నదే ఈ వ్యాస విషయం. అందుకు వాడుకోబోయే పనిముట్టు, స్ప్రెడ్‌షీటు గడిలోనే పైథాన్ భాషలో ప్రోగ్రాము రాసుకునే సదుపాయం.

అమెరికాలో పదేళ్ళకొకసారి జరిగే జనగణనలో ఇప్పుడు భాష గురించిన ప్రశ్నే లేదు. 2000 వరకూ కొన్ని ఇళ్ళకు మాత్రమే పంపే పెద్ద ఫారంలో అది ఉండేది. 2010 నాటికి ఆ ఫారాన్నే ఎత్తివేశారు. దాని స్థానంలో 2005 నుంచి పూర్తిస్థాయిలో నడుస్తున్నది అమెరికన్ కమ్యూనిటీ సర్వే. ఏటా దాదాపు 35 లక్షల చిరునామాలను ఎంపికచేసి, ఇంట్లో ఉన్న అయిదేళ్ళు, ఆపైన వయసు గల ప్రతి ఒక్కరి గురించీ మూడు ప్రశ్నలు అడుగుతారు: ఈ వ్యక్తి ఇంట్లో ఇంగ్లీషు కాక మరో భాష మాట్లాడతారా? అది ఏ భాష? ఇంగ్లీషు ఎంత బాగా మాట్లాడగలరు? మనవాళ్ళ గురించి పత్రికల్లో వచ్చే అంకెల్లో నమ్మదగినవన్నీ తిరిగి తిరిగి ఈ మూడు ప్రశ్నల దగ్గరికే చేరతాయి.

వాటిలో బాగా పేరుపడ్డది 86 శాతం. ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 2010లో రమారమి 2.23 లక్షలు, 2017లో 4.15 లక్షలు, ఆ ఏడేళ్ళలో అమెరికాలో అన్నిటికంటె వేగంగా పెరిగిన భాష తెలుగు అన్న వార్త అప్పట్లో చాలాచోట్ల వచ్చింది. ఆ లెక్కను ప్రచారంలోకి తెచ్చింది సెంటర్ ఫర్ ఇమిగ్రేషన్ స్టడీస్, అంటే వలసలను తగ్గించాలని వాదించే సంస్థ. వారు హెచ్చరికగా చెప్పిన అంకెను మనం సంబరంగా పంచుకున్నాం. ఆ తర్వాత 2024లో మరొక వార్త వచ్చింది: 2016లో 3.2 లక్షలున్న తెలుగువారు 12.3 లక్షలయ్యారని. ఈ రెండు వార్తలనూ పక్కపక్కన పెట్టి చూడండి. 2016లో 3.2 లక్షలు, 2017లో 4.15 లక్షలు అయితే ఒక్క ఏడాదిలోనే దాదాపు లక్షమంది పెరిగారనాలి. అంతకంటె సులువైన వివరణ ఒకటి ఉంది. ఈ సర్వే ఫలితాలను ఏడాది అంచనాలుగానూ, అయిదేళ్ళ అంచనాలుగానూ రెండు రకాలుగా విడుదల చేస్తారు. వేగంగా పెరిగే జనసమూహానికి అయిదేళ్ళ అంచనా ఎప్పుడూ వెనకబడే ఉంటుంది, ఎందుకంటే అందులో నాలుగేళ్ళ కిందటివారి లెక్క కూడా కలిసి ఉంటుంది. ఒక రకాన్ని మొదట్లోనూ మరో రకాన్ని చివర్లోనూ వాడితే, లేని పెరుగుదల పుట్టుకొస్తుంది. 12.3 లక్షల సంగతికి వస్తే, ఎవరిని లెక్కించారు, దోషపరిధి ఎంత అన్నవి చెప్పని అంకెను విన్నపాల్లో వాడకపోవడమే మేలు.

దేశం మొత్తానికి సరే, బాతెల్‌కు ఎలా? సెన్సస్ బ్యూరో వెబ్‌సైటులో తయారుగా ఉన్న పట్టిక తెరిస్తే ఆశాభంగమే. 2016కు ముందు పెద్ద పట్టికల్లోనే తెలుగుకు విడిగా వరుస లేదు. ద్రావిడ భాషలన్నీ ‘ఇతర ఆసియా భాషలు’ అనే మూటలో ఉండేవి. 2016లో పట్టికలను సవరించి తెలుగుకూ తమిళానికీ చెరొక వరుస ఇచ్చారు, మలయాళ కన్నడాలను ఒకచోట చేర్చారు. అయితే ఆ సవివరమైన పట్టిక పెద్ద ప్రాంతాలకే. చిన్న ప్రాంతాలకు ఇచ్చే కుదించిన పట్టికలో తెలుగు మళ్ళీ మూటలోకి వెళ్ళిపోతుంది. తమాషా ఏమిటంటే, అక్కడ హిందీ ‘ఇతర ఇండో-యూరోపియన్ భాషల’ కింద, తెలుగు ‘ఇతర ఆసియా, పసిఫిక్ ద్వీప భాషల’ కింద చేరతాయి. బాతెల్‌లో పక్కపక్క ఇళ్ళలో ఉన్న హైదరాబాదు కుటుంబాలు రెండు, ఇంటిభాషను బట్టి రెండు ఖండాల లెక్కల్లో పడతాయి.

కాబట్టి తయారు పట్టికలను వదిలి, ముడిసరుకు దగ్గరికి వెళ్ళాలి. సెన్సస్ బ్యూరో ఏటా వ్యక్తుల స్థాయి దత్తాంశాలను కూడా ఉచితంగా విడుదల చేస్తుంది. పేర్లూ చిరునామాలూ ఉండవు; ఒక్కొక్క వరుస ఒక్కొక్క మనిషి: వయసు, చదువు, పుట్టినచోటు, ఇంటిభాష సంకేతం, ఇంగ్లీషు స్థాయి. ఏడాది ఫైలులో జనాభాలో సుమారు ఒక శాతం మంది ఉంటారు. వాషింగ్టన్ రాష్ట్ర జనాభా 77 లక్షలనుకుంటే, ముప్పావు లక్ష పైచిలుకు వరుసలు. ఎక్సెల్ షీటులో 10,48,576 వరుసలు పడతాయి గనుక చోటుకు ఇబ్బంది లేదు.

ఇక్కడ మొదటి చిక్కు భౌగోళికమైనది. మనుషులను గుర్తుపట్టే వీలు లేకుండా, ఈ ఫైలులో కనీసం లక్ష జనాభా ఉన్న ముక్కలనే చూపిస్తారు. వాటిని ప్యూమాలంటారు. అర లక్ష కూడా లేని బాతెల్‌కు సొంత ముక్క రాదు. పైగా నగరం కింగ్, స్నోహోమిష్ అనే రెండు కౌంటీల మధ్య చీలి ఉంది. 2010 జనగణన తర్వాత గీసిన హద్దుల్లో దక్షిణ బాతెల్ షోర్‌లైన్, కెన్‌మోర్‌లతో కలిసి ఒక ముక్కలోనూ, ఉత్తర బాతెల్ స్నోహోమిష్ కౌంటీకి చెందిన మరో ముక్కలోనూ ఉన్నాయి. 2022 నుంచి 2020 నాటి కొత్త హద్దులు అమలయ్యాయి కనుక, పాత సంవత్సరాలతో పోల్చేటప్పుడు ముక్కలే మారిపోయాయన్న సంగతి గుర్తుండాలి. చిరునామాలో బాతెల్ అని రాసుకునే చాలామంది అసలు నగరపాలక పరిధికి బయట, స్నోహోమిష్ కౌంటీ నేల మీద ఉంటారు. అందువల్ల ‘బాతెల్ తెలుగువారు’ అన్న మాటకు బదులు ‘బాతెల్‌ను కలుపుకొని ఉన్న ఫలానా రెండు ముక్కల్లోని తెలుగువారు’ అనడం నిజాయితీ.

రెండవ చిక్కు గణితానిది. అసలు విషయమంతా ఇక్కడే ఉంది.

ఫైలును ఎక్సెల్‌లో తెరిచి, తెలుగు సంకేతం ఉన్న వరుసలను వడకట్టి లెక్కపెడితే వచ్చేది తెలుగువారి సంఖ్య కాదు, నమూనాలో తగిలిన తెలుగువారి సంఖ్య. ప్రతి వరుసకూ ఒక తూకం ఉంటుంది: ఈ మనిషి జనాభాలో ఎంతమందికి ప్రతినిధి అన్నది. సగటున వందకు అటూ ఇటూగా ఉంటుంది గాని, అందరికీ ఒకటే కాదు. జవాబివ్వనివారి లోటును పూడ్చడానికీ, వయసు, జాతి వంటివాటిలో జనాభా అంచనాలతో సరిపోల్చడానికీ దాన్ని సర్దుతారు. అంచనా కావాలంటే వరుసలను కాదు, తూకాలను కూడాలి. పివట్ టేబుల్‌లో ‘కౌంట్’ బదులు ‘సమ్’ పెట్టుకుంటే ఈ మేరకు పని అయిపోతుంది. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు.

ఆగకూడదు. ఎందుకంటే ఆ మొత్తం ఒకే ఒక్క నమూనా చెప్పిన మాట. ఆ ఏడు మరో వీధిలోని ఇళ్ళకు ఫారాలు వెళ్ళి ఉంటే అంకె మరోలా ఉండేది. ఎంత మరోలా అన్నది తెలుసుకోవడానికే ఫైలులో అసలు తూకంతో పాటు మరో 80 తూకాల నిలువు వరుసలు ఇస్తారు. వీటిని ప్రతిరూప తూకాలనవచ్చు. ఒక్కొక్కటీ నమూనాను కొద్దిగా కదిపి మళ్ళీ తూచినట్టు. చేయవలసిందల్లా ఇది: అసలు తూకంతో ఒక మొత్తం, 80 ప్రతిరూపాలతో 80 మొత్తాలు కట్టాలి; ప్రతి ప్రతిరూపపు మొత్తం నుంచి అసలు మొత్తాన్ని తీసివేసి, తేడాను వర్గం చేసి, ఆ 80 వర్గాలనూ కూడాలి; ఆ కూడికను 4/80తో గుణిస్తే విస్తృతి వస్తుంది. దాని వర్గమూలమే ప్రామాణిక దోషం. దాన్ని 1.645తో గుణిస్తే సెన్సస్ బ్యూరో వాడే 90 శాతం దోషపరిధి.

ఊరికే ఊహకోసం ఒక ఉదాహరణ తీసుకుందాం. ఈ అంకెలు ఏ ఫైలులోవీ కావు. ఒక ముక్కలో తెలుగు సంకేతంతో 25 వరుసలు దొరికాయి, సగటు తూకం 100. అంచనా 2,500. ప్రతి మనిషినీ విడివిడిగా చీటీ తీసి ఎంచుకున్నారనుకుంటే ప్రామాణిక దోషం సుమారు 500 వస్తుంది. కాని సర్వే ఎంచుకునేది మనుషులను కాదు, ఇళ్ళను. ఒక ఇంట్లో అమ్మ తెలుగు మాట్లాడితే నాన్నా, పిల్లలూ కూడా మాట్లాడే అవకాశమే ఎక్కువ. అంటే ఆ 25 వరుసలు నిజానికి ఏ ఏడెనిమిది ఇళ్ళో. సమాచారం కనిపించినంత లేదు. ప్రతిరూప తూకాలు ఈ గుంపుగుణాన్ని లెక్కలోకి తీసుకుంటాయి కాబట్టి, వాటితో దోషం 800 వచ్చిందనుకుందాం. అప్పుడు దోషపరిధి 1,316. అంచనా 1,184 నుంచి 3,816 దాకా ఎక్కడైనా ఉండవచ్చు.

మరుసటి ఏడాది అదే ముక్కలో 3,300 వచ్చిందనుకోండి, దోషం 900. ‘ఏడాదిలో 32 శాతం పెరిగిన తెలుగువారు’ అని శీర్షిక పెట్టడానికి చేయి దురద పెడుతుంది. రెండు దోషాల వర్గాల మొత్తానికి వర్గమూలం తీస్తే సుమారు 1,204, పరిధి 1,981. తేడా 800 మాత్రమే. పెరిగారో తగ్గారో ఈ దత్తాంశాలు చెప్పలేవు.

ఈ 81 కూడికలను మామూలు సూత్రాలతో చేయలేమా? చేయవచ్చు. ‘సమ్‌ఇఫ్స్’ను 81 నిలువు వరుసల మీద లాగితే ఒక ప్రశ్నకు జవాబు వస్తుంది. అయితే ప్రశ్న ఒక్కటితో ఆగదు. 65 దాటినవారెందరు? వారిలో ఇంగ్లీషు అంతగా రానివారెందరు? పక్క ముక్కలో ఎందరు? ప్రతి ఉపసమూహానికీ మళ్ళీ 81 గడులు. నాలుగైదు ప్రశ్నలయ్యేసరికి షీటు నిండా సూత్రాలు పరుచుకుని, ఏ గడి ఏ వరుసను వదిలేసిందో ఎవరికీ కనబడదు. ఈ ప్రమాదం ఊహ కాదు. ప్రభుత్వ రుణానికీ ఆర్థికాభివృద్ధికీ ఉన్న సంబంధం మీద కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగోఫ్ 2010లో ప్రచురించిన పత్రంలో సగటు తీసిన సూత్రం అయిదు దేశాలను వదిలేసింది. మూడేళ్ళ తర్వాత థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి వారి షీటును అడిగి తెప్పించుకుని చూసేదాకా అది బయటపడలేదు. పత్రంలోని తప్పుల్లో అదొక్కటే కాదు, అన్నిటికంటె పెద్దదీ కాదు. కాని స్ప్రెడ్‌షీటులో తప్పు ఎంత నిశ్శబ్దంగా దాక్కోగలదో చెప్పడానికి అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

ఇటువంటి పనికి ఏనాడో ప్రోగ్రామింగ్ భాషలు ఉన్నాయి. ఆర్ భాషలో నమూనా సర్వేల కోసమే రాసిన ‘సర్వే’ ప్యాకేజీ ఉంది; దాని కర్త థామస్ లమ్లీ అప్పట్లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. గణాంకశాస్త్రం చదివినవారికి అదే రాజమార్గం. కాని స్వచ్ఛంద సంఘాల్లో లెక్కలు చూసేవారు తెరిచేది ఎక్సెల్‌నే. వారిని వారి షీటు నుంచి లేవదీయకుండా, ప్రోగ్రామునే షీటులోకి తీసుకురావాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1993లోనే ఎక్సెల్‌కు విజువల్ బేసిక్ తోడైంది. అయితే ఆ కోడు గడుల వెనుక మరో కిటికీలో దాక్కునేది, గణాంకాలకు కావలసిన సరంజామా దానికి లేదు. 2023 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన ఏర్పాటులో పైథాన్ కోడు నేరుగా గడిలోనే ఉంటుంది. 1991లో పైథాన్‌ను లోకానికి విడుదల చేసిన గీడో వాన్ రోసమ్ 2020లో ఆ సంస్థలో చేరి, ఈ పనిలోనూ పాలుపంచుకున్నారు. కావలసిన గ్రంథాలయాలను అనకొండ సంస్థ సమకూర్చింది. 2024 సెప్టెంబరులో విండోస్ మీద వ్యాపార చందాదారులకు ఇది పూర్తిస్థాయిలో అందుబాటులోకి వచ్చింది.

పని జరిగే తీరు ఇలా ఉంటుంది. ముందు ఫైలును పవర్ క్వెరీ ద్వారా తెచ్చుకోవాలి. పైథాన్ కోడు తనంతట తాను ఇంటర్నెట్‌లోకిగాని మన కంప్యూటరులోని ఫైళ్ళలోకిగాని వెళ్ళలేదు. తెచ్చేటప్పుడే అక్కరలేని నిలువు వరుసలను తీసేయడం మంచిది. ఎందుకంటే కోడు నడిచేది మన కంప్యూటరులో కాదు, మైక్రోసాఫ్ట్ క్లౌడులో. ఒక్కసారికి వంద మెగాబైట్లకు మించి అక్కడికి పంపలేం. ముక్క సంఖ్య, వయసు, భాష, ఇంగ్లీషు స్థాయి, 81 తూకాలు: ఈ 85 నిలువు వరుసలు చాలు. ఆ తర్వాత ఒక గడిలో సమానం గుర్తు పెట్టి, పీవై అని టైపు చేసి, టాబ్ నొక్కితే గడి పైథాన్ గడి అవుతుంది. ‘ఎక్స్ఎల్’ అనే ప్రమేయానికి పట్టిక పేరిచ్చి, మొదటి వరుసలో శీర్షికలున్నాయని చెబితే, పట్టిక మొత్తం పాండాస్ గ్రంథాలయపు డేటాఫ్రేమ్‌గా మారుతుంది. రెండో గడిలో ఒక చిన్న ప్రమేయాన్ని నిర్వచించుకోవాలి: కొన్ని వరుసలను ఇస్తే, అసలు తూకం మొత్తాన్నీ, 80 ప్రతిరూపాల తేడాల నుంచి దోషాన్నీ తిరిగి ఇచ్చేది. పట్టుమని పది పంక్తులు ఉండదు. మూడో గడి నుంచి ఇక ప్రశ్నలే: తెలుగు, 65 పైన, తెలుగు, ఇంగ్లీషు అంతగా రానివారు, అలా ఎన్నైనా.

ఒక్క సంగతి మరిచిపోరాదు. పైథాన్ గడులు ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి, షీట్ల వరుసలో లెక్కకు వస్తాయి. మామూలు సూత్రంలాగా కింది గడిలోని నిర్వచనాన్ని పై గడి వాడుకోలేదు. ప్రమేయాన్ని మొదటి షీటులో పైన పెట్టుకోవాలి. ఇంకొకటి: భాష గడి ఖాళీగా ఉన్నవారిలో ఇంట్లో ఇంగ్లీషు మాత్రమే మాట్లాడేవారూ, అయిదేళ్ళ లోపు పిల్లలూ ఇద్దరూ ఉంటారు. శాతాలు కట్టేటప్పుడు పసివాళ్ళను హారంలోంచి తీసేయకపోతే తెలుగువారి వాటా తగ్గి కనిపిస్తుంది.

బొమ్మల విషయంలో తెలుగువారికి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. సీబార్న్, మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లతో గడిలోనే చక్కని పటాలు గీయవచ్చు; దోషపరిధిని నిలువు గీతగా చూపడం ఒక్క పంక్తి పని. కాని పటం మీద పేర్లను తెలుగులో రాయబోతే, మామూలుగా వచ్చే డెజావు ఖతిలో తెలుగు అక్షరాలే లేవు గనుక ఖాళీ డబ్బాలు ప్రత్యక్షమవుతాయి. ఖతి మార్చినా, మ్యాట్‌ప్లాట్‌లిబ్ వత్తులనూ గుణింతాలనూ సరిగా కూర్చలేక అక్షరాలను విడదీసి పేర్చిన సందర్భాలే ఎక్కువ. దీనికి దగ్గరి దారి, పైథాన్ గడి ఫలితాన్ని ‘ఎక్సెల్ విలువ’గా మార్చుకుని, అంచనాలూ దోషాలూ గడుల్లో పరుచుకున్నాక, ఎక్సెల్ సొంత చార్టునే గీయడం. దానికి తెలుగు అక్షరాలతో పేచీ లేదు, దోషరేఖలు పెట్టే వీలూ ఉంది. పైథాన్‌తో లెక్క, ఎక్సెల్‌తో బొమ్మ: ఈ పంపకం నాకు అన్నిటికంటె నచ్చింది.

సెన్సస్ ఫైలు బహిరంగ దత్తాంశమే కాబట్టి క్లౌడుకు వెళ్ళినా నష్టం లేదు. అదే మన సంఘం సొంతంగా చేసిన సర్వే అయితే, పేర్లు, ఫోను నంబర్లు, వీసా వివరాలు ఉన్న షీటును పంపేముందు ఆ నిలువు వరుసలను తీసేయాలి. సరిహద్దు కొలతలను చూసుకోవడమూ అవసరమే. 2020లో ఇంగ్లండు ప్రజారోగ్య సంస్థ పాత తరహా ఎక్సెల్ ఫైలు వాడటం వల్ల, 65,536 వరుసల హద్దు దాటినవి రాలిపోయి, 15,841 కోవిడ్ కేసులు కొన్నాళ్ళపాటు లెక్కకు రాకుండా పోయాయి. ఆ షీటు ఏ హెచ్చరికా చేయలేదు.

చివరికి కోడు ఎంత సరిగ్గా ఉన్నా, ఎవరిని లెక్కించామన్నది ఫారంలోని ప్రశ్నే నిర్ణయిస్తుంది. భాష అన్నచోట ‘ఇండియన్’ అని రాసినవారు తెలుగు కింద రారు. అమ్మానాన్నలు తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్లవాడి గురించి తల్లి అవునని రాస్తుందా, కాదని రాస్తుందా అన్నది ఇంటింటికీ మారుతుంది. ఈ పట్టికల్లో ఇది దూషణకుగాని భూషణకుగాని అందని అస్పష్టత.

పెద్దవాళ్ళ విషయం ఇంకా సున్నితం. జనగణన సాధారణ నివాసాన్ని అడుగుతుంది. ఈ సర్వే రెండు నెలల నియమాన్ని పాటిస్తుంది. ఫారం వచ్చేనాటికి ఆ ఇంట్లో ఉంటూ, మొత్తం మీద రెండు నెలలకు మించి ఉండబోయేవారు ఆ ఇంటివారే. కూతురి పురిటికని ఆరునెలల వీసాతో బాతెల్ వచ్చిన గుంటూరు అమ్మమ్మ జనగణనలో లేకపోయినా, ఈ సర్వేలో ఉండవచ్చు. ఇంగ్లీషు స్థాయికి నాలుగు మెట్లు ఉన్నాయి. ‘అసలు మాట్లాడలేరు’ అన్నది చివరి మెట్టు. మన ముక్కల్లో ఆ మెట్టు మీద తెలుగు సంకేతంతో దొరికే వరుసలు చేతివేళ్ళకు మించకపోవచ్చు, వాటి దోషపరిధి అంచనాను మింగేయవచ్చు. అప్పుడు ఏడాది ఫైలును పక్కనపెట్టి అయిదేళ్ళ ఫైలు తెరవాలి, రెండు ముక్కలను కాక కింగ్, స్నోహోమిష్ కౌంటీలను మొత్తంగా తీసుకోవాలి. ఆస్పత్రివారికిచ్చే కాగితం మీద బాతెల్ అన్న పేరు బదులు ఆ రెండు కౌంటీల పేర్లు రాసి, అంచనా పక్కనే దోషపరిధిని కూడా రాయాలి.